రామన్నపేట దిక్కున బ్యాండు మేళం

పెళ్లి ఊరేగింపు ముందు నడిచే బ్యాండు మేళాన్ని మన సంగీత చరిత్రలు పెద్దగా పట్టించుకోలేదు. రామన్నపేట, వలిగొండ, నార్కట్‌పల్లి చుట్టుపక్కల ఊళ్లలో పదిహేనేళ్ల పిల్లవాడి చేతికి ట్రంపెట్టో క్లారినెట్టో వచ్చిందంటే అది ఈ మేళం వల్లనే. సంగీత కళాశాల హైదరాబాదులో ఉంది. ఊరి బడిలో ఆగస్టు 15 కవాతుకు డ్రమ్ము మోగుతుంది, ఊదే వాద్యం కనిపించడం అరుదు. అందుకే ఈ మేళం కథను పల్లె యువకుల సంగీత విద్య కథగా చదవాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఊదడం ఈ నేలకు కొత్త కాదు. 13వ శతాబ్దంలోనే పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో వాద్యాల పేర్లు వరుసబెట్టి చెప్పాడు. తర్వాతి కాలంలో సన్నాయీ డోలూ నాయీబ్రాహ్మణుల ఇళ్లలో, డప్పు మాదిగల ఇళ్లలో నిలిచాయి. ఏ పిల్లవాడు ఏ వాద్యం పట్టాలో కులమే తేల్చేది. సన్నాయి ఇంట పుట్టినవాడు ముందు తండ్రి పక్కన కూర్చుని శ్రుతి పట్టేవాడు. బుగ్గల్లో గాలి నిలుపుకొని, ముక్కుతో ఊపిరి తీసుకుంటూ, ఒకే స్వరాన్ని తెగకుండా ఊదడమే తొలి పాఠం. చెరువుగట్టు జాతరలూ యాదగిరిగుట్ట ఉత్సవాలూ ఆ పిల్లలకు పరీక్షలు.

ఇత్తడి బూరలు దండుతో వచ్చాయి. 1798 ఒప్పందంతో నిజాం రాజ్యంలో ఆంగ్ల సైన్యం స్థిరపడింది, 1806లో సికింద్రాబాద్ కంటోన్మెంటు ఏర్పడింది. పటాలాల వెంట వాటి బ్యాండ్లూ వచ్చాయి. 1700 ప్రాంతంలో న్యూరెంబర్గ్‌లో డెన్నర్ రూపొందించిన క్లారినెట్, 1846లో అడాల్ఫ్ సాక్స్ పేటెంటు పొందిన సాక్సోఫోన్ మన దేశానికి చేరింది చాలావరకు ఈ సైనిక దారిలోనే. సైన్యంలో బ్యాండు మాస్టరుగా ఉన్న నాదిర్ అలీ 1885లో మీరట్‌లో పెట్టిన సంస్థ తర్వాత బూరల తయారీలోకి దిగింది. దేశంలో చేసిన వాద్యాలు దొరకడంతో దండు బయటి మేళాలకు దారి తెరుచుకుంది. హైదరాబాదు బారాత్‌లో ఆ బూరల పక్కన, అరబ్బు మూలాలున్న చౌష్‌ల మర్ఫా దరువు చేరింది. తీన్మార్ ఊపు అక్కడిదే. నిజాం కాలంలో తాలూకా కేంద్రమైన రామన్నపేటకు హైదరాబాదు దగ్గర. పట్నంలో చూసిన ఊరేగింపును కలిగినవాళ్లు తమ ఇళ్ల పెళ్లిళ్లకూ కోరుకున్నారు.

సన్నాయి వాయించే చేతులు క్లారినెట్టుకు మారడం మాటల్లో చెప్పినంత తేలిక కాదు. సన్నాయి గొట్టం కిందికి పోనుపోను వెడల్పవుతుంది. ఊపిరి బలం పెంచితే అవే వేళ్లకు పై స్థాయి షడ్జం పలుకుతుంది. క్లారినెట్ గొట్టం దాదాపు చివరిదాకా ఒకే వెడల్పు. వెనక బొటనవేలి మీట నొక్కితే షడ్జం పట్టిన వేళ్లకు పై స్థాయి పంచమం వస్తుంది. తాత నేర్పిన వేళ్ల లెక్క అక్కడ చెల్లదు, పై స్థాయిని మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. ట్రంపెట్టుకు మీటలు మూడే, మిగతా స్వరాలన్నీ పెదవుల బిగువులో ఉంటాయి. ఈ విద్యను మన కుర్రాళ్లు కాగితం మీది స్వరలిపి లేకుండా, సినిమా పాట విని, గురువు వేళ్లు చూసి పట్టుకున్నారు. ఇంత కష్టమైన విద్యకు మనం ఏ సర్టిఫికెట్టూ ఇవ్వలేదు.

మేళంలో చేరినవాడు మొదట గిలకలు ఆడించేవాడు, తర్వాత సైడు డ్రమ్ము, ఆ తర్వాతే బూర. సన్నాయి ఇళ్లవాళ్లూ, డప్పు ఇళ్లవాళ్లూ, ముస్లింలూ ఒకే రంగు కోటు తొడుక్కుని ఒకే వరుసలో నడిచిన మేళాలున్నాయి. కులం కట్టిన గోడ అక్కడ కొంత వంగింది, కూలలేదు. 2024లో వచ్చిన 'అంబాజీపేట మ్యారేజి బ్యాండు' సినిమా ఆ గోడనే చూపించింది. బతుకూ ముహూర్తాలదే. మూఢం వచ్చినా ఆషాఢం వచ్చినా కోటు పెట్టెలోకి, మనిషి క్షవరం దుకాణానికో కూలికో. ప్రకాశం జిల్లా కరవదికి చెందిన సన్నాయి విద్వాంసుడు షేక్ చినమౌలానాకు 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి దక్కాయి. సన్నాయికి ఆ గౌరవం ఉంది. వీధి క్లారినెట్టుకు లేదు.

ఆదరణ దొరికిన చోట బ్యాండు కథ వేరు. ఇంగ్లండులో యార్క్‌షైర్ పల్లె క్వీన్స్‌బరీలో 1855లో జాన్ ఫోస్టర్ అనే బట్టల మిల్లు యజమాని పనివాళ్లకు వాద్యాలూ దుస్తులూ ఇచ్చి బ్యాండు నిలబెట్టాడు. ఆ బ్లాక్ డైక్ బ్యాండు నేటికీ ఉంది. రామన్నపేట పక్కన సిరిపురం, వెల్లంకి కూడా నేత ఊళ్లే. ఇక్కడ వాద్యం కొన్నది మేళం పెద్ద, అదీ చాలాసార్లు అప్పు చేసి.

తర్వాత డీజే పెట్టెలు వచ్చాయి. ఆ హోరు మితిమీరి, 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేను నిషేధించారు. పెళ్లి మేళాలు అప్పటికే బండి మీద కీబోర్డు, ప్యాడ్, మైకు ఎక్కించుకున్నాయి. పాట కీబోర్డు చేతికి పోయాక ముందుగా చోటు పోయింది క్లారినెట్టుకే. ట్రంపెట్టు మాత్రం పల్లవి ఎత్తుగడకు మిగిలింది. ఇప్పుడు మేళంలో చేరే కుర్రాడు ముందు ప్యాడ్ నేర్చుకుంటున్నాడు. బూర నేర్పగల గురువులు చాలావరకు అరవై దాటినవాళ్లు.