ఒత్తిడి హార్మోన్లు – వ్యాధినిరోధక శక్తి

వేలూరు సమీపంలోని కరిగిరి పేరు సరిహద్దు గ్రామాల పెద్దలకు చిరపరిచితం. 1955లో అక్కడ నెలకొల్పిన షీఫెలిన్ కుష్ఠు కేంద్రం గుడియాత్తం తాలూకాలో కుష్ఠు నియంత్రణ కార్యక్రమాన్ని దీర్ఘకాలం నిర్వహించింది. ఆ వ్యాధికి సంబంధించిన ఒక విషయం ఇంటివారిని చాలా కలవరపెట్టేది. మందులు క్రమంగా వాడుతున్న రోగికి, ఒక్కొక్కసారి చికిత్స ముగిసిన తరువాత కూడా, పాత మచ్చలు ఉన్నట్టుండి ఎర్రబడి ఉబ్బుతాయి. నరం నొప్పి పుడుతుంది, చేతిలో గాని కాలిలో గాని పట్టు తప్పుతుంది. మందు వికటించిందని భావించి చాలామంది చికిత్స మానివేసేవారు.

ఇది మందు దోషం కాదు, క్రిములు పెరగడమూ కాదు. నరాలలో మిగిలిన క్రిముల మీద, చనిపోయిన క్రిముల శకలాల మీద శరీరపు రక్షణ వ్యవస్థే విరుచుకుపడడం వల్ల నరం దెబ్బతింటుంది. వైద్యులు దీనిని రియాక్షన్ అంటారు. దీనికి వాడే ప్రధాన ఔషధం ప్రెడ్నిసలోన్. మన శరీరం ప్రతిదినం స్వయంగా తయారుచేసుకునే కార్టిసాల్ అనే హార్మోన్‌కు ఇది దగ్గరి బంధువు.

రెండు మూత్రపిండాల మీద టోపీలవలె అమరి ఉన్న అధివృక్క గ్రంథులలో కార్టిసాల్ పుడుతుంది. భయం, దుఃఖం, గాయం, జ్వరం వంటివి కలిగినప్పుడు మెదడులోని హైపోథాలమస్ పీయూష గ్రంథికి, పీయూష గ్రంథి అధివృక్కానికి రసాయన సందేశం పంపుతాయి. అదే గ్రంథి లోపలి భాగం నుండి అడ్రినలిన్ క్షణాలలో వెలువడుతుంది, కార్టిసాల్ కొన్ని నిమిషాలకు పెరుగుతుంది. ఏ ఆందోళనా లేని రోజున కూడా కార్టిసాల్ తెల్లవారుజామున హెచ్చి, అర్ధరాత్రికి తగ్గుతుంది.

ఒత్తిడి అంటే ఎల్లప్పుడూ హాని అన్న అభిప్రాయం సరికాదు. పొలంలో పాము కనబడి గుండె దడదడలాడిన వేళ అడ్రినలిన్ ప్రభావంతో కొన్ని రకాల తెల్ల రక్తకణాలు రక్తంలోకి వస్తాయి. అనంతరం కార్టిసాల్ వాటిలో అనేకాన్ని గాయం తగిలే అవకాశమున్న చర్మం వంటి చోట్లకు తరలిస్తుంది. అపాయం గడిచాక రక్షణ కణాల ఆవేశాన్ని అణచేదీ కార్టిసాలే. అది లేకుంటే ప్రతి చిన్న వాపూ హద్దు మీరుతుంది.

చిక్కంతా ఆ అపాయం నెలల తరబడి గడవకపోవడంలో ఉంది. అప్పుల బాధ, మంచం పట్టిన వృద్ధులకు రాత్రింబవళ్లు సేవ, నిద్రలేమి ఇటువంటివి. అమెరికాలో జానిస్ కీకోల్ట్-గ్లేసర్ బృందం 1995లో ప్రకటించిన అధ్యయనంలో, మతిమరుపు వ్యాధి సోకిన బంధువులను చూసుకునే స్త్రీల చర్మంపై చేసిన చిన్న గాయం మానడానికి ఇతరులకంటే సుమారు 9 రోజులు అధికంగా పట్టింది. దంతవైద్య విద్యార్థులపై 1998లో ప్రకటించిన మరొక పరిశోధనలో, పరీక్షల కాలంలో నోటిలోని గాయం సెలవులలోకంటే 40 శాతం నిదానంగా మానింది. పరీక్షలనగానే పిల్లవాడికి జలుబు పట్టుకుంటే అదంతా నటన అని కొట్టిపారేయనక్కరలేదు!

దీర్ఘకాల ఒత్తిడిలో మరొక వింత ఉంది. కార్టిసాల్ ఎడతెగక తాకుతుంటే రక్షణ కణాలు దాని మాట వినడం మానుకుంటాయి. అప్పుడు క్రిములతో పోరాడే శక్తి ఒకవైపు తగ్గినా, వాపు మరొకవైపు చల్లారకుండా కొనసాగుతుంది.

గర్భిణులలో కార్టిసాల్ సహజంగానే హెచ్చుతుంది, రక్షణ వ్యవస్థ కొంత ఓర్పు వహిస్తుంది. ప్రసవానంతరం ఆ ఓర్పు సడలుతుంది. అందుచేతనే కుష్ఠు ఉన్న స్త్రీలలో కాన్పు అయిన తొలి నెలలలో రియాక్షన్లు ఎక్కువ. బాలింతకు చేతివేళ్లు తిమ్మిరెక్కితే వాతమని ఊరుకోక వైద్యునికి చూపించాలి.

ఈ హార్మోన్ ఔషధంగా మారిన కథ 1948 నాటిది. ఆ ఏడాది అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కీళ్లవాత రోగికి కార్టిసోన్ ఇచ్చి చూశారు. 1950లో ఆయనకు, కెండాల్‌కు, రైక్‌స్టైన్‌కు నోబెల్ బహుమతి లభించింది. 2020లో కృత్రిమ శ్వాసపై ఉన్న కోవిడ్ రోగులకు ఇదే జాతికి చెందిన డెక్సామెథసోన్ ఇవ్వగా మరణాలు మూడవ వంతు తగ్గాయి. 2021లో మన దేశంలో అవే మందులను మితిమీరి వాడినచోట, ముఖ్యంగా చక్కెర వ్యాధిగ్రస్తులలో, నల్ల ఫంగస్ ప్రబలింది.

కనుక స్టెరాయిడ్ మాత్రలు ప్రారంభించే ముందు క్షయ, చక్కెర వ్యాధి ఉన్నవేమో వైద్యులు పరీక్షిస్తారు. అణగి ఉన్న క్షయ ఈ మందులతో తిరగబెట్టవచ్చు. చెప్పులు లేకుండా పొలాలలో నడిచేవారి పాదాల ద్వారా ప్రవేశించే ఒకరకం నులిపురుగు కూడా స్టెరాయిడ్ వాడకంతో ఒళ్లంతా వ్యాపించి ప్రాణం మీదికి తేగలదు. కీళ్ల నొప్పులకు, ఉబ్బసానికి పేరులేని పొట్లాలలో అమ్మే పొడులలో ఇవే మందులు కలిపి ఉండే సందర్భాలున్నాయి. రెండు రోజులలోనే నొప్పి మాయమైతే సంతోషించేముందు ఆ పొట్లాన్ని వైద్యునికి చూపడం మేలు.

వారాల తరబడి వాడిన మాత్రలను ఒక్కసారిగా ఆపరాదు. బయటి మందుకు అలవాటుపడిన అధివృక్క గ్రంథి తన పని మానుకొని ఉంటుంది. హఠాత్తుగా ఆపితే రక్తపోటు పడిపోయి, వాంతులతో, తీవ్ర నీరసంతో స్పృహ తప్పవచ్చు. అందువల్లనే వైద్యులు మోతాదును మెట్టు మెట్టుగా తగ్గిస్తూ చీటీ రాస్తారు. ఆ చీటీని, మిగిలిన మాత్రలను వేరే ఊరి ఆసుపత్రికి వెళ్లినప్పుడు కూడా వెంట తీసుకువెళ్లాలి.