ఒంగోలు నుంచి కోయనా దాకా: 1967 భూకంపాలూ మన డెల్టా నేలా

1967 మార్చి 27న ఒంగోలు దగ్గర భూమి కంపించింది. రిక్టరు స్కేలు మీద 5.4. ఒంగోలు అప్పటికింకా గుంటూరు జిల్లాలోనే ఉంది, వేరే జిల్లా అవడానికి మరో మూడేళ్ళు పట్టింది. ప్రపంచం లెక్కలో అది పెద్ద భూకంపమేమీ కాదు, ఆ పాటివి ఏటా వందల్లో వస్తుంటాయి. తెలుగు నేలకు మాత్రం అది పెద్దదే. దక్షిణాది అంతా గట్టి రాతి పలక, భూకంపాలు హిమాలయాల వాళ్ళ బాధ, మనకు తుపానూ వరదా చాలవా అనుకునే రోజులవి. 1962లో దేశం మొదటిసారి భూకంపాలను తట్టుకునే కట్టడాలకు ఒక ప్రమాణం రాసుకుని, దాంతోపాటు ఒక పటం కూడా గీసుకుంది. అందులో సున్నా నుంచి ఆరు దాకా జోన్లున్నాయి. ద్వీపకల్పంలో చాలా భాగం సున్నాలో పడింది.

భూకంపాల చరిత్రలో 1967ను ఎవరూ ప్రత్యేకంగా చెప్పుకోరు. 1960 చిలీ, 1964 అలాస్కా, 1976 తంగ్‌షాన్, 2004 సుమత్రా అంటారు. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి ప్రాంతాల వాళ్ళం చదువుకోవలసిన ఏడాది ఏదని అడిగితే మాత్రం నేను 1967 అనే చెబుతాను. ఆ పన్నెండు నెలల్లో వేర్వేరు ఖండాల్లో వచ్చిన భూకంపాల్లో కొన్ని సరిగ్గా మన నేలకు అతికే సంగతులు చెప్పాయి.

మొదట మిగతావి. ఫిబ్రవరి 9న కొలంబియాలోని ఉయిలా ప్రాంతంలో దాదాపు వందమంది పోయారు. జులై 22న టర్కీలోని ముదుర్ను లోయలో ఏడు దాటిన తీవ్రతతో భూకంపం వచ్చి ఎనభై మందికి పైగా చనిపోయారు. 1939లో ఎర్జింజాన్‌తో మొదలుపెట్టి ఉత్తర అనటోలియా భ్రంశం, అంటే భూమిలోని పగులు, తూర్పు నుంచి పడమటికి ఒక్కొక్క ముక్కే తెగుతూ వచ్చింది. ముదుర్ను ఆ వరసలోదే. ఆ తర్వాతి ముక్క 32 ఏళ్ళు ఆగి 1999 ఆగస్టు 17న ఇజ్మిత్ దగ్గర తెగింది, పదిహేడు వేల మందికి పైగా బలయ్యారు. 1967 నవంబరు 30న అల్బేనియా సరిహద్దులో దిబ్రా కంపించింది. ఇవన్నీ భూమి పలకలు ఒకదాన్నొకటి రాసుకునే చోట్లు. అక్కడ భూకంపం వచ్చిందంటే ఎవరూ ఆశ్చర్యపోరు.

కారకాస్ నేర్పిన సంగతి వేరు. వెనిజువెలా రాజధాని అప్పుడే తన నాలుగు వందల ఏళ్ళ పండగ చేసుకుంది. జులై 29 శనివారం రాత్రి ఎనిమిది గంటల వేళ భూకంపం వచ్చింది. తీవ్రత 6.6 ప్రాంతం. కేంద్రం నగరం కింద కాదు, అవతల తీరం వైపు. అయినా లోస్ పాలోస్ గ్రాందెస్, అల్తమీరా పేటల్లో పదేసి అంతస్తుల కొత్త అపార్టుమెంట్లు నాలుగు నేలమట్టమయ్యాయి. మొత్తం రెండు వందల మందికి పైగా చనిపోయారు. ఆ పక్కనే ఉన్న పొట్టి ఇళ్ళు చాలావరకు నిలబడ్డాయి.

ఇంజనీర్లు ఊరంతా తిరిగి, ఏ భవనం ఎన్ని అంతస్తులు, దాని కింద మట్టి ఎంత లోతు అని లెక్కలు వేశారు. చాలా స్పష్టమైన జవాబు వచ్చింది. పది దాటిన అంతస్తులవి మట్టి 160 మీటర్లకు మించి ఉన్నచోట బాగా దెబ్బతిన్నాయి. మూడు నుంచి ఐదంతస్తుల వాటికి 30 నుంచి 50 మీటర్ల మట్టి ఉన్నచోట నష్టం ఎక్కువ. గిన్నెను తడితే గిన్నె ఆగిపోయినా లోపలి పెరుగు ఊగుతూనే ఉంటుంది, మెత్తటి నేలా అంతే. రాతిలోంచి వచ్చిన వణుకును పెంచి, తనకంటూ ఒక లయలో ఊగుతుంది. ఆ లయా, దానిమీది భవనం లయా ఒకటైతే భవనం పని అయిపోయినట్టే. ఈ సూత్రం శాస్త్రవేత్తలకు అంతకుముందే తెలుసు. దాన్ని ఒక నగరంలో, వీధి వీధినా ఇంత వివరంగా చూపించింది కారకాస్. ఏలూరులో ఇప్పుడు లేస్తున్న అపార్టుమెంట్లు చాలావరకు ఐదంతస్తులవే. గూడెంలోనూ, భీమవరంలోనూ అంతే. అందుకే నాకు ఆ లెక్క చదివినప్పుడల్లా వెనిజువెలా గుర్తుకు రాదు, ఏలూరు పవర్‌పేట గుర్తొస్తుంది.

కారకాస్ కూలిన ఆరు రోజులకు, ఆగస్టు 4న, ఇందిరాగాంధీ నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. తెలుగువాళ్ళకు 1967 అంటే ముందు గుర్తొచ్చేది అదే, గుర్తు రావాల్సిందీ అదే. అదే ఏడాది చివర్లో మహారాష్ట్రలో ఇంకో ఆనకట్ట దగ్గర జరిగింది దేశంలోని ఆనకట్టల ఇంజనీర్లందరినీ కుదిపేసింది.

కోయనా ఆనకట్ట ఎత్తు 103 మీటర్లు. 1962లో జలాశయం నిండటం మొదలైంది, అప్పటినుంచే చుట్టుపక్కల చిన్న చిన్న కుదుపులు. 1967 డిసెంబరు 11 తెల్లవారుజామున 4 గంటల 21 నిమిషాలకు 6.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. జనమంతా నిద్రలో ఉన్నారు. కోయనానగర్‌లో ఇళ్ళు చాలామటుకు కూలిపోయాయి, 180 మంది దాకా చనిపోయారు. విద్యుత్కేంద్రం ఆగిపోవడంతో బొంబాయికి కరెంటు పోయింది. ఆనకట్ట తెగలేదు గాని, పై భాగంలో అడ్డంగా బీటలు వారింది. తర్వాత కింది వైపు దన్నుగోడలు కట్టి దాన్ని బలపరిచారు.

ఇక్కడొక కొలత చెప్పాలి. ఆ ఆనకట్టను కట్టినప్పుడు భూకంపపు తోపుడును గురుత్వాకర్షణలో నూటికి ఐదు వంతులుగా లెక్కగట్టారు. ఆనకట్ట లోపల అమర్చిన యంత్రం ఆ తెల్లవారుజామున నమోదు చేసింది నూటికి 63 వంతులు. అప్పటి పటంలో ఆ ప్రాంతం ఒకటో జోను. 1970లో పటాన్ని తిరగరాసి సున్నా జోనును తీసేశారు, కోయనాను నాలుగో జోనుకు ఎక్కించారు. చచ్చిపోయినవాళ్ళ మీద నుంచి గీసిన గీత అది. 1993 సెప్టెంబరు 30న లాతూరు జిల్లా కిల్లారి కూలినప్పుడు అదీ ఒకటో జోనులోనే ఉంది, దాన్నీ తర్వాతే మూడో జోనులోకి మార్చారు. పటం ఎప్పుడూ భూకంపం వెనకే నడిచింది.

కోయనాలో వణికించింది జలాశయమేనా అన్న ప్రశ్నకు జవాబు వెతకడంలో మన హైదరాబాదు ముందుంది. 1961లో అక్కడ పెట్టిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అంటే ఎన్‌జీఆర్‌ఐ, శాస్త్రవేత్తలు హరి నారాయణ్, హర్ష్ గుప్తా, బి.కె. రస్తోగి జలాశయంలో నీటిమట్టం పెరిగే తీరునూ కుదుపుల సంఖ్యనూ పక్కపక్కన పెట్టి చూశారు. నీరు ఎంత వేగంగా ఎక్కుతోంది, ఎంత ఎత్తుకు చేరింది, ఎంతకాలం అక్కడే నిలిచింది అన్నవాటికీ భూకంపాలకూ పొంతన కుదిరింది. పగుళ్ళలోకి ఇంకిన నీటి ఒత్తిడి, అప్పటికే తెగడానికి సిద్ధంగా ఉన్న భ్రంశాన్ని వదులు చేస్తుంది. కొత్త శక్తిని పుట్టించదు, ఉన్నదాన్ని ముందుగా విడిపిస్తుంది. 1976లో గుప్తా, రస్తోగి ఆనకట్టలూ భూకంపాల మీద రాసిన పుస్తకాన్ని ప్రపంచమంతా చదివింది. సాగర్ అసలు సామర్థ్యం 408 టీఎంసీలు, అప్పటి కోయనాకు నాలుగింతలు. అయినా సాగర్ కోయనాలాంటి భూకంపం తేలేదు. నీళ్ళు ఎన్ని అన్నది ఒక్కటే చాలదు, కింద రాయి ఏ స్థితిలో ఉందన్నది అసలు సంగతి.

అదే ఏడాది అమెరికాలోని డెన్వర్ దీనికి ఇంకో వైపు చూపించింది. అక్కడ సైన్యం రసాయన ఆయుధాల కర్మాగారపు మురుగునీటిని 1962 నుంచి మూడున్నర కిలోమీటర్లకు పైగా లోతున్న బావిలోకి పంపుచేసింది. ఊళ్ళో కుదుపులు మొదలయ్యాయి. 1966 ఫిబ్రవరిలో పంపింగు ఆపేశారు. అన్నిటికన్నా పెద్ద కుదుపు ఆపేశాక, 1967 ఆగస్టు 9న వచ్చింది. లోపలికి పోయిన నీరు నెమ్మదిగా పాకుతుంది, మనం చేతులు దులుపుకున్నంత మాత్రాన ఆగదు.

శాస్త్రానికి కూడా అది పెద్ద ఏడాదే. అణుపరీక్షల మీద నిఘా కోసం అమెరికా దేశదేశాల్లో పెట్టించిన వందకు పైగా భూకంపలేఖినుల రికార్డులు చేతికొచ్చాక, ఏప్రిల్‌లో జేసన్ మోర్గాన్ ఒక సభలో, డిసెంబరు 30న డాన్ మెకెంజీ, రాబర్ట్ పార్కర్ ‘నేచర్’ పత్రికలో, భూమి పైపొర కొన్ని గట్టి పలకలుగా కదులుతోందని లెక్కలతో చూపించారు. భూకంపాలు పలకల అంచుల్లో ఎందుకు వరసకడతాయో దాంతో తేలింది. ఒంగోలు, కోయనా మాత్రం అంచుల్లో లేవు, పలక నడిమధ్యలో ఉన్నాయి. వాటి కారణం తెలియాలంటే భూమిలోని పాత గాయాల వైపు, అంటే పాత పగుళ్ళ వైపు చూడాలి.

ఆ పాత గాయాల్లో పెద్దది మన కిందే ఉంది. ప్రాణహిత నుంచి గోదావరి వెంట ఒక పగులు లోయ వాయవ్యం నుంచి ఆగ్నేయానికి దిగుతుంది. సింగరేణి బొగ్గు దొరికేది దాన్లోనే. కొత్తగూడెం దాటాక దాని చివరి భాగాన్ని భూగర్భ శాస్త్రవేత్తలు చింతలపూడి ఉపబేసిన్ అంటారు. అది ఏలూరు వైపు వచ్చి, తీరానికి సమాంతరంగా పోయే కృష్ణా–గోదావరి బేసిన్‌ను కలుస్తుంది. ఈ రెండో పగులు లోపల మళ్ళీ ఎత్తు దిమ్మెలు, పల్లాలు. వాటి పేర్లు చూడండి: గుడివాడ పల్లం, బంటుమిల్లి పల్లం, వాటి మధ్య కాజ–కైకలూరు దిమ్మె, ఇవతల తణుకు దిమ్మె. బస్సులో కండక్టరు పిలిచే ఊళ్ళన్నీ భూమి లోపలి పటంలో ఉన్నాయి. తాడేపల్లిగూడేనికి ఉత్తరాన మెట్ట, దక్షిణాన డెల్టా. కొవ్వూరు దగ్గర పంగిడి క్వారీల నుంచి వచ్చే నల్లరాయి ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందటి లావా. పడమటి కనుమల్లో మహాబలేశ్వర్ వైపు పుట్టి దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడికి చేరిందని శాస్త్రవేత్తలు అంటున్నారు. కోయనా ఆనకట్ట నిలబడిందీ ఆ లావా రాతి మీదే. మన స్లాబుల్లో పడే కంకరకూ కోయనాకూ ఇంత చుట్టరికం ఉంది.

ఒంగోలు తర్వాత రెండేళ్ళకు, 1969 ఏప్రిల్ 13న, భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో ఇంకోటి వచ్చింది. అది ఈ గోదావరి పగులు లోయదే. భద్రాచలం ఏలూరుకు ఉత్తరాన వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం, అంతే. 2020 జనవరి 26న పులిచింతల జలాశయం పక్కన నాలుగున్నర ప్రాంతపు తీవ్రతతో ఒకటి వచ్చింది. 2024 డిసెంబరు 4 ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చినప్పుడు హైదరాబాదు నుంచి విజయవాడ దాకా జనం ఇళ్ళలోంచి బయటికి పరుగెత్తారు. దాని కేంద్రం 40 కిలోమీటర్ల లోతున ఉంది. అందుకే అంతదూరం తెలిసింది, అందుకే నష్టం తక్కువ. అంతటిదే పది కిలోమీటర్ల లోతున, ఏదైనా ఊరికి దగ్గరగా వచ్చి ఉంటే కథ వేరు.

ఇక కొల్లేరు. ఆరేడు వేల ఏళ్ళ కిందట సముద్రం ఇక్కడిదాకా ఉండేదనీ, రెండు నదుల డెల్టాలు చెరో పక్కనుంచి పెరిగితే మధ్యన మిగిలిన పల్లమే కొల్లేరనీ పరిశోధకులు చెబుతారు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన ఒండ్రు, ఉప్పుటేరు బయటికి తీసుకుపోలేని బురద, అన్నీ అక్కడే పేరుకున్నాయి. 1985లో మెక్సికో నగరం 350 కిలోమీటర్ల దూరాన వచ్చిన భూకంపానికి కూలింది, ఎందుకంటే ఆ నగరం పాత చెరువు అడుగున ఉంది. కొల్లేటి లంకల్లో మెక్సికో అంతటి మేడలు లేవు, ఆ పక్కన ఎనిమిది తీవ్రత పుట్టించే సముద్రపు పగులూ లేదు. భయపెట్టడం నా ఉద్దేశం కాదు. ఆ బురదమట్టి వణుకును పెంచుతుందన్న ఒక్క సంగతి మాత్రం ఇక్కడా అక్కడా ఒకటే.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ అహ్మదాబాదు. 2001 జనవరి 26 భుజ్ భూకంపానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో, నది ఒండ్రు మీద ఉన్న నగరం. అప్పటి పటంలో అది జోను మూడు, విజయవాడదీ అదే. అక్కడ కూలిన అపార్టుమెంట్లలో ఎక్కువ వాటికి కింద పార్కింగ్ కోసం గోడల్లేవు, పిల్లర్లే ఉన్నాయి. మన ఊళ్ళలో కొత్త అపార్టుమెంటు అంటే అదే నమూనా.

అలాంటి పిల్లరును కాపాడేది ఇనుప రింగు. చాలాచోట్ల రింగు చివర్లను 90 డిగ్రీలకు వంచి వదిలేస్తారు. గట్టి కుదుపుకు పైన కాంక్రీటు పెచ్చులూడగానే ఆ రింగు తెరుచుకుంటుంది, నిలువు రాడ్లు బయటికి ఉబ్బుతాయి, పిల్లరు కూర్చుండిపోతుంది. 135 డిగ్రీలకు వంచి, కొసలు పిల్లరు లోపలికి పోనిస్తే తెరుచుకోదు. పిల్లరు అడుగునా, పైన దూలం కలిసే చోటా రింగుల మధ్య దూరం 100 మిల్లీమీటర్లు దాటకూడదు. మూడో జోను నుంచి ఇది తప్పనిసరి. దీనికి అయ్యే ఖర్చు గచ్చు మీద వేసే టైల్సు ఖర్చు ముందు లెక్కలోకి రాదు. కట్టేటప్పుడు వెళ్ళి, సెంట్రింగు మూసేముందు కళ్ళతో చూడగలిగిన పని ఇది. ఫ్లాటు కొనేవాళ్ళు వాస్తు అడుగుతారు, కృష్ణా నీళ్ళా గోదావరి నీళ్ళా అని అడుగుతారు, రింగుల సంగతి కూడా అడగాలి.

ఇంకోటి మన చేతిలోనే ఉంది. కైకలూరు చుట్టుపక్కల, నరసాపురం వైపు, ఓఎన్‌జీసీ గ్యాసు కోసం కిలోమీటర్ల లోతుకు బావులు తవ్వి నేల లోపలి పొరల్ని వివరంగా తెలుసుకుంది. ఇంటికి కావలసింది అంత లోతు కాదు, పై ముప్పై మీటర్లు. ఆ ముప్పై మీటర్లలో ఎక్కడ ఇసుక, ఎక్కడ బంకమన్ను, ఎక్కడ గట్టినేల అన్న సమాచారం ముక్కలు ముక్కలుగా ఇప్పటికే ఉంది. వంతెనలకు, రైల్వే పనులకు, పెద్ద భవనాలకు పునాది ముందు వేసిన మట్టి పరీక్షల బోర్లు ఎవరి ఫైళ్ళలో వాళ్ళకే ఉండిపోయాయి. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి నిట్ ఉంది, సివిల్ ఇంజనీరింగ్ చదివే పిల్లలున్నారు. మున్సిపాలిటీలు ప్లాను మంజూరు చేసేటప్పుడు ఆ బోరు వివరాలను ఒకచోట జమ చేయిస్తే, ఏలూరు, గూడెం, భీమవరం, కైకలూరులకు వీధి వీధినా నేల పటం గీయడానికి కారకాస్‌లో లాగా ముందు భవనాలు కూలనక్కర్లేదు.