సొకోకే పిల్లి – వంశవిచారణ

కులశీలములు తెలియనివానికి ఇంట చోటీయరాదని హితోపదేశము బోధించుచున్నది. ఆ కథలో అట్టి నీతికి కారణమైనది దీర్ఘకర్ణుడను పిల్లి. కావున పిల్లి కులమును విచారించుట మన పెద్దలకు క్రొత్త గాదు. ఆఫ్రికా తూర్పుతీరమందలి యొక పిల్లిజాతిని గూర్చి సాగిన అట్టి విచారణను ఈ రజతోత్సవ సంచికలో చదువరులకు విన్నవించెదను.

కెన్యా దేశమున, హిందూమహాసముద్రతీరమున, కిలిఫీ, మలిందీ పట్టణముల నడుమ అరబుకో-సొకోకే యను అరణ్యము కలదు. దాని వైశాల్యము సుమారు 420 చదరపు కిలోమీటర్లు. 1978లో జెనీ స్లేటర్ అను నామె ఆ యడవి చెంత కొబ్బరితోటలో వింత పిల్లికూనలను చూచి, చేరదీసి పెంచెను. వాని దేహము సన్నము, కాళ్లు పొడవు. వెనుకకాళ్లు మరింత పొడవగుటచే మునివ్రేళ్లపై నడచునట్లు తోచును. గోధుమవన్నె మేనిపై నల్లని సుడులు, ఆ సుడులలో లేతవన్నె రోమములు నుండును. 1984లో కొన్ని డెన్మార్కు చేరినవి. 1993లో అంతర్జాతీయ పిల్లుల సమాఖ్య వానిని ప్రత్యేకజాతిగా అంగీకరించెను.

అయినను ఆ పిల్లి 1978లో పుట్టినది కాదు. అచటి గిరియామా ప్రజలు దానిని అంతకు ముందే ‘ఖడ్జోంజో’ యని పిలుచుచుండిరి. చెట్టుబెరడును పోలినదని దాని భావము. లెక్కలు వ్రాయు వృత్తిలోనివాడను గనుక చెప్పుచున్నాను: పట్టా పుట్టుటకు ముందే సాగుబడి యుండును. పేరు దస్తరములో కెక్కినదినమే వస్తువు పుట్టినదినమని భ్రమింపరాదు.

ఇక వంశము మాట. అడవిచెంత దొరకినది, రూపము వన్యము. కావున ఇది ఆఫ్రికా అడవిపిల్లి సంతానమని పలువురు తలచిరి. సాక్ష్యములు వేరుగా పలికినవి. అడవిపిల్లి మేనిపై నుండునవి సన్నని చారలు, చుక్కలు. పెనుసుడులు పెంపుడుపిల్లులలో నొక జన్యువు మారుటచే కలిగినవని 2012లో శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. తల్లిదండ్రు లిరువురినుండియు ఆ గుణము సంక్రమించిననే సుడులు ఏర్పడును. అనగా అడవిగుర్తని యెంచినదే ఇంటిగుర్తయినది! కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారి జన్యుపరీక్షలు సైతము దీనిని ఆసియాపిల్లుల వర్గమున చేర్చినవి.

ఆసియా రక్తము అచటి కెట్లు చేరెను? ఆ యడవి చెంతనే గేదీ యను పురాతన నగరశిథిలములు కలవు. అందు చీనా పింగాణి దొరకినది. 1498లో వాస్కోడగామా మలిందీలోనే మార్గదర్శిని సంపాదించి కళ్లికోట చేరెను. ఋతుపవనముల ననుసరించి ఓడలు ఇరుతీరముల నడుమ తిరుగుచుండెడివి. ఎలుకలు గల ఓడలో పిల్లికి చోటు దొరకుట సహజము. ఆ దారినే వచ్చియుండునని నా యూహ.

ఇంతమాత్రమున దాని గౌరవము తగ్గదు. సైప్రస్ దీవిలో మనుష్యుని చెంత పూడ్చిన పిల్లి యెముకలు సుమారు 9,500 ఏండ్లనాటివని 2004లో ప్రకటితమైనది. లోకమందలి పెంపుడుపిల్లు లన్నిటికిని మూలపురుషుడు అడవిపిల్లియే. మన వంటింట పాలకుండ చుట్టు తిరుగునదియు ఆ వంశములోనిదే.

పురాతనవంశమని చెప్పుకొనుట సులభము. సాక్ష్యము వచ్చినప్పుడు మనసు మార్చుకొనుట కష్టము. ఈ రెండవదానిని నేర్పుటకే గ్రంథాలయములు. మన గ్రంథాలయము ఆ పని ఇట్లే కొనసాగించుగాక!