భూమి ఎవరిది? - యూదు ధర్మశాస్త్రంలో ఏడవ ఏడు

మతగ్రంథమనగానే మనలో కొందరు పుస్తకం మూసేస్తారు. భక్తులు కళ్లు మూసుకుంటారు. రెండు విధాలా నష్టపోయేది చరిత్రే. తెలుగు బైబిలు వచనశైలి కోసం లేవీయకాండం చదవబోయి, 25వ అధ్యాయం దగ్గర నేను ఆగిపోయాను. అక్కడ వున్నది పూజావిధానం కాదు, భూమి సమస్య.

ఆ అధ్యాయం ప్రకారం ఆరేళ్లు పండిన పొలాన్ని ఏడవ ఏట బీడు వుంచాలి. దానంతట అది మొలిచిన పంటలో యజమానికీ, దాసునికీ, కూలివానికీ, పరదేశికీ, పశువుకూ వాటా వుంది. యాభయ్యవ ఏడు సునాద సంవత్సరం. పేదరికం వల్ల చేతులు మారిన పొలాలు తొలి కుటుంబాలకు తిరిగి చేరాలి. భూమిని శాశ్వతంగా అమ్మరాదు. అది దేవుడిది, మనుషులు దానిపై అతిథులు మాత్రమే. ద్వితీయోపదేశకాండం మరి రెండు విధులు చేర్చింది: ఏడవ ఏట అప్పులు రద్దు కావాలి, ముట్టడిలో సైతం శత్రువుల పండ్లచెట్లు నరకరాదు. ఈ చివరి నిషేధాన్నే తరువాతి పండితులు, ఏ వస్తువునూ వృథాగా ధ్వంసం చేయరాదన్న సూత్రంగా విస్తరింపజేశారు.

ఇటువంటి శాసనం ఊరికే పుట్టదు. ఇంటికి ఇల్లు, పొలానికి పొలం కలుపుకుపోయే ధనికులను క్రీ.పూ. 8వ శతాబ్దంలోనే యెషయా శపించాడు. అప్పులపాలై భూమి పోగొట్టుకునే రైతు మొర ఈ శాసనం వెనుక వినబడుతున్నదని నా అభిప్రాయం.

మరి ఆచరణ మాటేమిటి? క్రీ.పూ. 2వ శతాబ్దంలో బేత్సూరు ముట్టడి జరిగినప్పుడు, అది విశ్రాంతి సంవత్సరం కావడంతో తిండిగింజలు చాలక కోట వదులుకున్నారని మక్కబీయుల గ్రంథం చెబుతుంది. ఆ ఏటికి జూలియస్ సీజరు పన్ను మినహాయించాడని జోసీఫస్ వ్రాశాడు. కాని సునాద సంవత్సరం అమలైనదనడానికి చరిత్రకారులకు స్పష్టమైన ఆధారం దొరకలేదు. భూమికి విశ్రాంతి ఇచ్చారు. భూమిని తిరిగి ఇచ్చారని మాత్రం చెప్పలేము.

అప్పుల రద్దుకూ ఇదే గతి పట్టింది. ఏడవ ఏడు దగ్గరపడగానే వున్నవాళ్లు అప్పు పుట్టనివ్వలేదు. అందుకని హిల్లెల్ అనే పండితుడు 'ప్రొజ్బూల్' అనే పత్రం ఏర్పాటు చేశాడు: బాకీని న్యాయస్థానానికి దఖలు పరిస్తే అది రద్దు కాదు. హిల్లెల్‌ను నేను నిందించను. పేదవానికి ఆ పూట గింజలు కావాలి. అయినా ధనం ఎవరి చేతిలో వుందో వారికే ధర్మం దారి ఇచ్చిందన్నది నిజం.

ఆధునిక చరిత్ర ఇంకా చేదైనది. 1901లో ఏర్పడిన యూదు జాతీయ నిధి, భూమిని శాశ్వతంగా అమ్మరాదన్న ఆ సూత్రాన్నే పట్టుకుని, పాలస్తీనాలో తాను కొన్న భూములను కౌలుకు మాత్రమే ఇచ్చింది. కాని యూదు కూలీలనే పెట్టుకోవాలని కౌలుపత్రాల్లో షరతు వ్రాసింది. 1930లో హోప్ సింప్సన్ నివేదిక దీనిని విమర్శించింది. పరదేశికి సైతం వాటా పెట్టిన అధ్యాయం పేరుతోనే అరబ్బు శ్రామికుణ్ణి గట్టు అవతల నిలబెట్టారు.

"దేవుణ్ణి తీసేస్తే ఇందులో ఏం మిగులుతుందండీ?" అని ఒక విద్యార్థి నన్ను అడిగాడు. భూమి ఏ ఒక్కరి సొత్తూ కాదన్న మాట మిగులుతుంది, దాన్ని పాడుచేసే హక్కు ఏ తరానికీ లేదన్న మాట మిగులుతుంది అన్నాను. అయితే ఆ మాటను అమలు జరిపే శక్తి దున్నేవాని చేతికి రానంతకాలం, అది అధ్యాయంలోనే వుండిపోతుంది.