పట్టాలు ఆగే చోటు: కొవ్వూరు నుంచి డబ్లిన్ దాకా

పోలవరంలో పుట్టి పెరిగిన వాడికి రైల్వే ఉద్యోగం ఏమిటని సర్వీసులో తోటివారు నన్ను హాస్యమాడేవారు. మా ఊరికి రైలు లేదు. ఆ రోజుల్లో లాంచీ ఎక్కి రాజమండ్రిలో దిగాలి, లేదా తాళ్లపూడి మీదుగా బస్సులో కొవ్వూరు చేరాలి. అయినా ముప్ఫై ఏళ్లకు పైగా పర్మినెంట్ వే విభాగంలో పట్టాల మధ్యనే గడిపి పదవీ విరమణ చేశాను. ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యవర్గం వారు కోరినందున, ఎవరూ అంతగా పట్టించుకోని ఒక వస్తువు గురించి నాలుగు మాటలు వ్రాస్తున్నాను. అది పట్టాల చివర, బండి దాటి పోకుండా అడ్డుగా నిలిపే బఫర్ స్టాపు. ఆ చోటును మనం డెడ్ ఎండ్ అంటాము.

ఇది ఇప్పుడు తలపుకు రావడానికి కారణం మా మనవడు. మా అమ్మాయి కుటుంబం ఐర్లండులోని డబ్లిన్ నగరంలో స్థిరపడింది. మనవడు బల్ల మీద అక్కడి పాత రైల్వే నమూనా కడుతున్నాడు. "తాతయ్యా, కొట్లో చాలా రకాల బఫర్ స్టాపులున్నాయి. ఏది పెడితే నిజమైనదిలా ఉంటుంది?" అని ఫోనులో అడిగాడు. "ముందు దాని అవతల ఏముందో చెప్పు నాన్నా" అన్నాను. ఎందుకలా అన్నానో చెప్పాలంటే మన గోదావరి దగ్గరే మొదలుపెట్టాలి.

బెజవాడ నుంచి కటకం వరకు రైలు మార్గం 1893, 1896 మధ్య విభాగాలుగా తెరిచారు. కానీ గోదావరి మీద వంతెన లేదు. ఈ గట్టున కొవ్వూరులో పట్టాలు ఆగేవి, ఆ గట్టున రాజమండ్రిలో మళ్లీ మొదలయ్యేవి. నడుమ ప్రయాణికులూ సరుకులూ పడవల మీదే దాటాలి. వంతెన పని 1897 నవంబరులో మొదలై 1900 ఆగస్టులో ముగిసింది. ఒక్కొక్కటి 150 అడుగుల చొప్పున 56 ఖానాలు. నాటి మద్రాసు గవర్నరు హేవలాక్ పేరు పెట్టారు. దాదాపు నూరేళ్లు బండ్లను మోసి, 1997లో అదీ మనలాగే రిటైరయింది.

కనుక 1899 నాటి కొవ్వూరు నమూనా కట్టేవారు పట్టాలకు ముగింపు చూపాలి. 1901 నాటిది కట్టేవారు మెయిన్ లైనును తిన్నగా వంతెన ఎక్కించాలి. ఊరు ఒకటే, నది ఒకటే; రెండేళ్ల తేడాలో బొమ్మ మారిపోయింది.

కోటిపల్లి కథ మరీ విచిత్రం. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో రైలు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1940లో, పట్టాలు ఊడదీసి తరలించారు. మళ్లీ 2004లో గాని బండి తిరగలేదు. మధ్యనున్న అరవై నాలుగేళ్ల కోటిపల్లికి ఎంత అందమైన బఫర్ స్టాపు పెట్టినా అది అబద్ధమే. అందుచేత మొదటి ప్రశ్న: ఏ సంవత్సరం?

రెండవది: అవతల ఏముంది? దీనికి జవాబు మనవడి ఊళ్లోనే దొరికింది. ఇక్కడ వంతెన పూర్తయిన 1900వ సంవత్సరంలోనే, ఫిబ్రవరి 14న, డబ్లిన్‌లోని హార్కోర్ట్ స్ట్రీట్ స్టేషనులో ఎనిస్కార్తి నుంచి పశువులతో వచ్చిన గూడ్సు బండి ఆగలేదు. ఇంజను బఫర్ స్టాపును కొట్టి, గోడ పగులగొట్టుకొని, దిగువనున్న హ్యాచ్ స్ట్రీట్ మీదికి వేలాడింది. స్టేషను వీధి కంటే ఎత్తులో ఉన్నందువల్ల అంత ఘోరం కనిపించింది. ప్రాణాలు పోలేదు గాని డ్రైవరు కుడి చేయి తీసివేయవలసి వచ్చింది. అదే బండి పొలాల మధ్య సైడింగులో మట్టి దిబ్బను కొట్టి ఉంటే, క్రేను వచ్చి లేపేదాకా కదలక కూర్చునేది, అంతే.

మూడవది: ఏ బండి, ఎంత వేగంతో వస్తుంది? పెద్ద టెర్మినస్‌లో జనంతో నిండిన రైలు వస్తుంది. అక్కడ దెబ్బను మెల్లగా మింగే హైడ్రాలిక్ బఫర్లు పెడతారు. మామూలు స్టేషనులో పాత పట్టాలనే వంచి, బిగించి, అడ్డంగా దూలం పెడితే చాలు. గూడ్స్ షెడ్డు వెనుక పాత చెక్క స్లీపర్లను పెట్టెలా పేర్చి నడుమ మట్టి నింపుతారు. మా గ్యాంగ్‌మెన్ ఒక పూటలో కట్టేవారు. నాలుగు వ్యాగన్లు నిలిచే సైడింగుకు హైడ్రాలిక్ బఫరు పెట్టడం, పూరిపాకకు ఇనుప గేటు పెట్టినట్లుంటుంది.

ఇక కొలతలు. మన బ్రాడ్ గేజి 1676 మి.మీ., ఐర్లండుది 1600. 1:76 నమూనాలో ఐర్లండు గేజి 21 మి.మీ. రావాలి, కొట్లో దొరికే పట్టా 16.5 మాత్రమే. వెడల్పులో రాజీ తప్పదు, ఎత్తులో మాత్రం పడకూడదు. వ్యాగను బఫర్లూ స్టాపు దూలమూ ఎదురెదురుగా రావాలి. మన లైన్లలో ఆ ఎత్తు పట్టా మీద నుంచి 1030 నుంచి 1105 మి.మీ. నమూనాలో సుమారు 14.

అనుభవం నేర్పిన మాట ఇంకొకటి. చక్రం తిరిగినంత మేరే పట్టా మెరుస్తుంది. బఫరు ముందు చివరి అడుగులు తుప్పు పట్టి ఉంటాయి, చుట్టూ గడ్డి మొలుస్తుంది. అంగడి నుంచి తెచ్చిన వస్తువుకు కొత్త ఎర్ర రంగు అలాగే ఉంచితే చూసేవాడికి వెంటనే తెలిసిపోతుంది. మనవడు చివరకు ప్లాట్‌ఫారానికి పాత పట్టాల రకం కొన్నాడు. గూడ్సు సైడింగుకు అగ్గిపుల్లలు పేర్చి, వాడేసిన టీ పొడి ఎండబెట్టి నింపాడు. ఖర్చు లేదు, చూడటానికి నిజంలా ఉంది.

మిత్రులకు ఒక మనవి. మన డెల్టాలో నరసాపురం, కోటిపల్లి, కాకినాడ పోర్టు మూడూ రైలు చివరి మజిలీలే. అవతల వశిష్ఠ, గౌతమి, సముద్రం. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురానికి లైను మంజూరై ఇరవై ఏళ్లు దాటింది. అది పూర్తయిన నాడు, 1900లో కొవ్వూరుకు జరిగినదే ఆ రెండు ఊళ్లకూ జరుగుతుంది. రైలు ముందుకు సాగడం సంతోషమే. అయితే బండి ఒకప్పుడు అక్కడే ఆగేదన్న గుర్తు మిగలదు. మీ పిల్లలతో అటు వెళ్లినప్పుడు ఇంజనుతో పాటు పట్టాల చివరను కూడా ఒక ఫోటో తీయించండి. వెనుక తేదీ వ్రాసి పెట్టండి.