అబ్దివేలి మహమ్మద్ అలీ

అబ్దివేలి మహమ్మద్ అలీ (జననం: 1965) సోమాలియాకు చెందిన ఆర్థికవేత్త, రాజకీయ నాయకుడు. స్వదేశంలో గాస్ అనే పేరుతో ప్రసిద్ధుడు. 2011 నుండి 2012 వరకు సోమాలియా ప్రధానమంత్రిగా, 2014 నుండి 2019 వరకు ఆ దేశపు ఈశాన్య భాగంలోని పుంట్‌లాండ్ ప్రాంతానికి అధ్యక్షుడిగా పనిచేశాడు. అవినీతికి గల కారణాలపై పరిశోధన చేసిన ఈ ఆచార్యుడు ప్రధాని అయిన సంవత్సరమే (2011) ప్రపంచ అవినీతి సూచికలో సోమాలియా ఉత్తర కొరియాతో పాటు చిట్టచివరి స్థానంలో ఉండటం గమనార్హం.

విద్య, అధ్యాపక వృత్తి

ఇతడు మధ్య సోమాలియాలోని ధూసమరేబ్‌లో జన్మించాడు. సోమాలి జాతీయ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివి, ఆర్థిక మంత్రిత్వ శాఖలో ఉద్యోగం చేశాడు. 1988లో అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం నుండి స్నాతకోత్తర పట్టా పొందాడు. 1991లో సియాద్ బర్రే ప్రభుత్వం కూలిపోయి దేశం అంతర్యుద్ధంలో చిక్కుకుంది. హార్వర్డ్‌లో ప్రజాపరిపాలన అభ్యసించిన అనంతరం 2000లో జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు అందుకున్నాడు. తరువాత న్యూయార్క్ రాష్ట్రంలోని నయాగరా విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడయ్యాడు.

భార్య హొదాన్ ఇస్సే కూడా ఆర్థికవేత్తయే. వారిద్దరూ కలిసి వివిధ దేశాల అవినీతిని పోల్చి రాసిన వ్యాసం 2003లో కేటో జర్నల్‌లో వెలువడింది. విద్య, సమర్థమైన న్యాయవ్యవస్థ, ఆర్థిక స్వేచ్ఛ ఉన్నచోట అవినీతి తక్కువగా ఉంటుందనీ, విదేశీ సహాయం ఎక్కువగా అందేచోట అవినీతి కూడా హెచ్చుగా కనిపిస్తుందనీ అందులో తేల్చారు. 2010 నవంబరులో ఇతడు స్వీకరించిన పదవి ప్రణాళిక, అంతర్జాతీయ సహకార శాఖ. అంటే ఆ విదేశీ సహాయాన్ని సమకూర్చే శాఖయే! ఉపప్రధాని పదవి కూడా దానితో పాటు లభించింది. అప్పటి ప్రధాని మహమ్మద్ అబ్దుల్లాహి ఫర్మాజో సైతం న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరం నుండి వచ్చినవాడే.

ప్రధానమంత్రిగా

2011 జూన్ 9న కంపాలాలో అధ్యక్షునికి, పార్లమెంటు స్పీకరుకు మధ్య కుదిరిన ఒప్పందం ప్రకారం ప్రభుత్వ గడువు 2012 ఆగస్టు వరకు పొడిగించబడింది. ఫర్మాజో మాత్రం తప్పుకోవలసి వచ్చింది. ఆయనకు మద్దతుగా మొగదీషులో ప్రజలు వీధుల్లోకి వచ్చినా ఫలితం లేకపోయింది. అబ్దివేలి జూన్ 28న పార్లమెంటు ఆమోదం పొందాడు.

నెల తిరగక ముందే, జూలై 20న, దక్షిణ సోమాలియాలోని రెండు ప్రాంతాలలో కరువు నెలకొన్నదని ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. ఆ ప్రాంతాలు అల్-షబాబ్ ఆధీనంలో ఉండేవి. ఆ సంస్థ అనేక సహాయ సంస్థలను నిషేధించింది. 2010 అక్టోబరు నుండి 2012 ఏప్రిల్ వరకు సుమారు 2,58,000 మంది మరణించారని తరువాత జరిగిన అధ్యయనంలో తేలింది. వారిలో సగానికి పైగా అయిదేళ్లలోపు పిల్లలు. ప్రధాని అధికారం అప్పటికి రాజధాని దాటి అంతగా విస్తరించలేదు. ఆ రాజధానికి సైతం ఆఫ్రికన్ యూనియన్ సేనలే రక్షణ.

సెప్టెంబరులో మొగదీషులో భద్రత, రాజ్యాంగం, సయోధ్య, సుపరిపాలన అనే నాలుగు అంశాలతో కార్యాచరణ ప్రణాళిక ఆమోదం పొందింది. 2012 ఫిబ్రవరి లండన్ సదస్సులో దాతలు విరాళాల వినియోగాన్ని ఉమ్మడిగా పర్యవేక్షించే ఆర్థిక మండలిని నెలకొల్పాలని నిర్ణయించారు. ఆగస్టు 1న తాత్కాలిక రాజ్యాంగం ఆమోదించబడింది. ఇతడి పదవీకాలంలో నిలిచిన ఫలితం ఇదేనని చెప్పవచ్చు.

ఏప్రిల్ 4న జాతీయ రంగశాలలో ఇతడు ప్రసంగిస్తుండగా ఆత్మాహుతి దాడి జరిగింది. ఇతడు క్షేమంగా బయటపడ్డాడు గాని, దేశ ఒలింపిక్ సంఘం, ఫుట్‌బాల్ సమాఖ్యల అధ్యక్షులిద్దరూ మరణించారు.

సెప్టెంబరు 10న జరిగిన అధ్యక్ష ఎన్నికలో తొలి విడతలో 32 ఓట్లతో మూడవ స్థానంలో నిలిచి, పోటీ నుండి వైదొలగి హసన్ షేక్ మొహముద్‌ను బలపరిచాడు. ఆయనే గెలిచాడు.

పుంట్‌లాండ్ అధ్యక్షుడిగా

2014 జనవరి 8న గరోవేలో జరిగిన ఎన్నికలో అప్పటి అధ్యక్షుడు అబ్దిరహ్మాన్ ఫరోలేను 33-32 తేడాతో, అనగా ఒకే ఒక్క ఓటుతో ఓడించాడు. 2016 అక్టోబరులో కందాలా పట్టణాన్ని ఇస్లామిక్ స్టేట్ వర్గం ఆక్రమించగా డిసెంబరులో పుంట్‌లాండ్ సేనలు తిరిగి చేజిక్కించుకున్నాయి. అయితే జీతాలు సకాలంలో అందక ఆ సైనికులే పలుమార్లు నిరసనకు దిగారు. ఆర్థికవేత్త పాలనలో ఖజానా ఈ స్థితికి రావడం విమర్శలకు తావిచ్చింది. 2017లో బోసాసో ఓడరేవును 30 ఏళ్ల పాటు నిర్వహించే హక్కును దుబాయికి చెందిన పి అండ్ ఓ పోర్ట్స్ సంస్థకు ఇచ్చారు. 2019 జనవరి ఎన్నికలో ఇతడు ఓడిపోగా, సయీద్ అబ్దుల్లాహి దేని అధ్యక్షుడయ్యాడు.