గాయంలోని పురుగు చెప్పిన రహస్యం

1917లో, ఫ్రాన్సు యుద్ధరంగం. తొడ ఎముకలు విరిగి, పొట్టకు గాయాలై, తిండీ నీళ్లూ లేకుండా వారం రోజులు పడి ఉన్న ఇద్దరు సైనికులను ఆస్పత్రికి మోసుకొచ్చారు. బట్టలు తీసి చూస్తే గాయాల నిండా ఈగ పురుగులు. కానీ ఇద్దరికీ జ్వరం లేదు. పురుగులను కడిగేస్తే అడుగున చీముకు బదులు లేత గులాబీ రంగు కండ కనిపించింది. అలాంటి దెబ్బ తగిలినవాళ్లలో ఎక్కువమంది బతకని రోజులవి. అమెరికన్ సర్జన్ విలియం బేర్ ఆ దృశ్యాన్ని మరిచిపోలేదు. పదేళ్లు దాటాక బాల్టిమోర్‌లో, ఎముకల్లో చీము పట్టి ఎంతకీ మానని పిల్లలకు పురుగులతోనే వైద్యం చేశాడు. అసహ్యించుకుని పారేయాల్సినదాన్ని నిలబడి గమనించిన ఆ చూపుకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

పురుగులు కుళ్లిన కండను తింటాయి, సరే. మరి గాయంలో ఏమైనా వదులుతున్నాయా? అమెరికా వ్యవసాయ శాఖలో కీటకాలను పరిశోధించే విలియం రాబిన్సన్ 1935లో వాటి స్రావాల్లో ఒక పదార్థాన్ని చూపించాడు. అదే అల్లాంటోయిన్. ఇవాళ లిప్ బామ్, షేవింగ్ క్రీము, పసిపిల్లల క్రీముల డబ్బాల మీద చిన్న అక్షరాల్లో కనిపించే పేరు.

నిజానికి రసాయన శాస్త్రానికి అది పాత చుట్టమే. 1800 ప్రాంతంలో వోక్లాఁ, బునీవా అనే శాస్త్రవేత్తలు దాన్ని ఆవు కడుపులోని దూడ చుట్టూ ఉండే ద్రవంలో చూశారు. తర్వాత రసాయన శాస్త్రవేత్తలు వోలర్, లీబిగ్ దాన్ని యూరిక్ ఆమ్లం నుంచి తయారుచేశారు. ఐరోపా పల్లెల్లో విరిగిన ఎముకలకూ పుళ్లకూ కాంఫ్రే అనే మొక్క వేరు నూరి కట్టేవారు. ఆ వేరులోనూ ఇదే ఉందని, పుళ్లు మానడానికి తోడ్పడుతుందని 1912లో లివర్‌పూల్ వైద్యుడు చార్లెస్ మకాలిస్టర్ రాశాడు. చాలా క్షీరదాల ఒంట్లో యూరిక్ ఆమ్లం విరిగి అల్లాంటోయిన్ అవుతుంది. అందుకు కావలసిన ఎంజైము మన పూర్వీకుల్లోనే పోయింది. యూరిక్ ఆమ్లం పేరుకుని మనుషులకు గౌట్ అనే కీళ్ల జబ్బు రావడానికి అదొక కారణం.

ఇప్పుడు దీన్ని యూరియాతో, గ్లయాక్సిలిక్ ఆమ్లంతో ఫ్యాక్టరీల్లో చేస్తారు. వాసన లేని తెల్లటి పొడి. చర్మం పైపొరను మెత్తబరుస్తుంది, తడి ఆరిపోకుండా తోడ్పడుతుంది, మంటను తగ్గిస్తుంది. చర్మ రక్షణకు 0.5 నుంచి 2 శాతం దాకా వాడవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ నిబంధన. నత్త జిగురులోనూ ఉందని ఆ క్రీములను గొప్పగా అమ్ముతున్నారు. నత్తదైనా, వేరుదైనా, ఫ్యాక్టరీదైనా అణువు ఒక్కటే. కేవలం దీనికోసమైతే ఎక్కువ డబ్బు పోయడం అనవసరం.

డైపర్ ఒరుసుకున్న చోట, గడ్డం గీసుకున్నాక చురుక్కుమనే చోట, చలికి పగిలిన పెదవులకు ఇది మంచి నేస్తం. మానని పుండు సంగతి వేరు. యాంటీబయాటిక్స్ రాకతో మూలపడ్డ పురుగుల వైద్యానికి 2004లో అమెరికా అనుమతిచ్చింది. అక్కడ పనిచేసేది ఒక్క అల్లాంటోయిన్ కాదు. కుళ్లును కరిగించే ఎంజైములది పెద్ద పాత్ర. అందుకే షుగరు ఉన్నవాళ్లు కాలి పుండుకు క్రీము రాసి ఊరుకోకుండా వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి.